తెలుగక్షరమును మోసిన కార్డు

పశ్చిమ ప్రకాశములోని పల్లెలలో పాత కరణముల యిండ్ల అటకలపై నేటికిని అక్కడక్కడ లెక్కల కట్టలు కానవచ్చును. వానిని విప్పి చూచినచో కాగితము గట్టిగనే యుండును, సిరాయు చెడియుండదు, భాషయు తెలుగే. అయినను చదువుట దుస్తరము. అది గొలుసుకట్టు వ్రాత. కలము నెత్తక, అక్షరమున కక్షరమును తగిలించి, కరణమునకును అతని తరువాతి కరణమునకును మాత్రమే తెలియునట్లు సాగిన లిపి యది. 1984లో గ్రామ కరణముల పదవులు రద్దయిన పిమ్మట దానిని చదువగలవారు నానాటికి తగ్గిపోయిరి. కట్టలు మిగిలెను గాని వానిని విప్పి చెప్పువారు కరవైరి.

ఇది క్రొత్త సంగతి కాదు. రెండువందల యేండ్లకు పూర్వము కర్నలు కాలిన్ మెకంజీ కావలి సోదరుల తోడ్పాటుతో ఊరూరి దండకవిలెల నుండి కైఫీయతులు వ్రాయించి తెప్పించెను. ఆయన 1821లో మరణించెను. ఆ కాగితములలో అనేకము శిథిలమగుచుండగా సి. పి. బ్రౌను పూనికతో మరల ప్రతులు వ్రాయబడెను. కవిలె చదువగల కరణము లుండగనే ఈ పని జరిగినది గావున ఆ చరిత్ర మనకు దక్కినది. కంప్యూటరులో తెలుగు ప్రవేశించిన నలువది యేండ్లలోపలనే అట్టి అవస్థ మరల వచ్చినదన్నచో పెద్దలు కొందరు నమ్మకపోవచ్చును. ఆ కథకు నాయకుడు రాజు గాడు, కవియు గాడు. అరచేతికంటె కొంచెము పెద్దదియైన యొక పచ్చని పలక. దానిని జిస్టు కార్డు అందురు.

1981వ సంవత్సరము ఆగస్టు నెలలో అమెరికా దేశపు ఐ.బి.ఎం. సంస్థ తన పర్సనల్ కంప్యూటరును విడుదల చేసెను. దాని పెట్టెలోపల అయిదు సందులు కలవు. స్లాటు అను పేరుగల ఆ సందులలో ఎవరు చేసిన కార్డునైనను గ్రుచ్చవచ్చును. ఐ.బి.ఎం. వారు యంత్రపు తీగల పటములను, లోపలి ప్రోగ్రామును గూడ పుస్తకముగా అచ్చువేసి అమ్మిరి. కావుననే ప్రపంచమున ఎక్కడివారైనను దానికి క్రొత్త అవయవములు కట్టగలిగిరి. 1984లో వచ్చిన ఏ.టి. యంత్రముతో ఆ సందు పొడవు పెరిగెను. తరువాత దానికే ఐసా అను పేరు స్థిరపడెను. ఐసా వేలకొలది కార్డులకు ఆశ్రయమిచ్చెను. 1987లో అదే ఐ.బి.ఎం. వారు మైక్రో ఛానెల్ అను మరియొక సందును తెచ్చి, దానిని హక్కులతో బంధించిరి. అది ఐసా వలె వ్యాపింపలేదు. 2012లో లినక్సు నిర్వాహకులు గూడ దానిని తమ కెర్నెలు నుండి తొలగించిరి. మూసిన తలుపునకును తెరచిన తలుపునకును గల భేదము దీనివలన తెలియుచున్నది.

ఆ యంత్రమునకు ఇంగ్లీషు తప్ప వేరు భాష రాదు. కాన్పూరు ఐ.ఐ.టి.లో ఆర్. ఎం. కె. సిన్హా మొదలగువారు ఈ లోపమును తీర్ప బూనిరి. 1983లో ఢిల్లీలో జరిగిన తృతీయ ప్రపంచ హిందీ సమ్మేళనమున దేవనాగరి టెర్మినలును ప్రదర్శించిరి. వారితో పనిచేసిన మోహన్ తాంబే 1988లో పూనాలో స్థాపితమైన సి-డాక్ సంస్థకు ఆ విద్యను తీసికొనిపోయెను. అక్కడనుండియే జిస్టు కార్డు దేశమంతట వ్యాపించెను.

దాని పని విచిత్రమైనది. ఆ కాలపు డాస్ ప్రోగ్రాములు, అనగా వర్డుస్టారు, డీబేసు మున్నగునవి, తెలుగన నేమో యెరుగవు. అవి సంఖ్యలను మాత్రమే తెరకు పంపును. 127 వరకు గల సంఖ్యలు ఇంగ్లీషునకు సరిపోవును. మీది సంఖ్యలలో దేశభాషల వర్ణములకు స్థానము లేర్పరచిరి. కార్డు నడుమ నిలిచి ఆ సంఖ్యలను పట్టి, గుణింతములు కట్టి, ఒత్తులు తగిలించి తెరపై అక్షరముగా నిలుపును. 'స్త్రీ' అను నొక్క అక్షరమునకు స, హల్లు గుర్తు, త, హల్లు గుర్తు, ర, ఈకారము అను ఆరు సంఖ్యలు వచ్చును. ఆరింటిని కూర్చి ఒక్కటిగా చూపువాడు కార్డే. డీబేసు మాత్రము తాను మోయుచున్నది తెలుగని యెరుగకయే లెక్కలు వేయుచుండును. చెవిటివాని చేత పాట పాడించుట యన్న ఇదియే!

ఆ సంఖ్యలలో 'క'కారము 179. తెలుగు, హిందీ, కన్నడము, బంగాళీ, అన్నిటికిని 179వ సంఖ్యయే 'క'. లిపి మార్చుమన్న మరుక్షణము తెలుగు పేరు నాగరిలో కానవచ్చును. ఒక్క బ్రాహ్మీ నుండి పుట్టిన లిపులన్నియు ఒకే వర్ణక్రమమున నడచుచుండుటచేతనే ఇది సాధ్యమైనది. ఈ పట్టికకు ఇస్కీ యని పేరు. భారతీయ ప్రమాణముల సంస్థ దీనిని 1991లో ఐ.ఎస్. 13194 అను సంఖ్యతో ప్రకటించెను. ఎవరైనను వెలయిచ్చి కొని చదువదగిన పుస్తకముగా అది వెలువడినదన్న సంగతిని పాఠకులు గుర్తుంచుకొందురు గాక.

ఆ దినములలోనే ప్రభుత్వము భూమి లెక్కలను కంప్యూటరు కెక్కింప దొడగెను. 1988–89లో కేంద్ర ప్రభుత్వము ఎనిమిది జిల్లాలను ప్రయోగమునకై ఎన్నుకొనగా, అందు ఆనాటి ఆంధ్రప్రదేశములోని రంగారెడ్డి జిల్లా యొకటి. సర్వే నంబరు, పట్టాదారు పేరు, ఫసలీ, పైరు, ఇవి ఇంగ్లీషున వ్రాసిన రైతుకు పనికిరావు. దేశభాషలో పేరు చూపగల సాధనముల అక్కర ఇట్లు పెరిగెను.

అటుపిమ్మట సందు మూసికొనెను. 1992లో ఇంటెలు సంస్థ పి.సి.ఐ. అను వేగవంతమైన సందును ప్రవేశపెట్టెను. ఐసా గడియారము సెకనుకు ఎనుబది లక్షల చిల్లర తూర్లు కొట్టుకొనగా, పి.సి.ఐ. గడియారము మూడుకోట్ల ముప్పది లక్షల తూర్లు కొట్టుకొనును. కొన్నేండ్లు రెండు సందులును ప్రక్కప్రక్కన నున్నవి. క్రొత్త శతాబ్దము వచ్చునప్పటికి ఐసా బల్లలు బజారున అరుదయ్యెను. జిస్టు కార్డును పెట్టుచోటే లేకపోయెను.

సందున్నచోట గూడ మరియొక తాళము పడినది. డాస్ కాలమున ప్రోగ్రాము నేరుగా కార్డుతో మాటాడెడిది. విండోసు 2000, ఎక్స్.పి.లలో అట్టి చొరవ నిషిద్ధము. నడుమ డ్రైవరు అను దుబాసి యుండవలెను. దుబాసిని వ్రాయవలసినవాడు కార్డు చేసినవాడు. వ్యాపారము ముగిసిన సరకునకు దుబాసి నెవ్వడు వ్రాయును? మీదుమిక్కిలి 2001లో ఎక్స్.పి. వచ్చినప్పుడు గౌతమి యను తెలుగు ఫాంటు దానితోనే వచ్చెను. తెలుగునకు కార్డే అక్కరలేదయ్యెను. కార్డు పోయినదని యేడ్చినవారు లేరు. దాని సాయమున వ్రాసిన ఫైళ్ళు మాత్రము ఫ్లాపీలలో నిలిచిపోయెను.

కార్డు లేని యంత్రమున అట్టి ఫైలును తెరచిన నేమగును? 179 అనగా ఐ.బి.ఎం. వారి పట్టికలో నిలువుగీత. కావున 'క' యున్న ప్రతిచోట నొక నిలువుగీత కానవచ్చును. 'ఖ' యున్నచోట ఎడమకు కొమ్మ వేసిన గీత. పట్టాదారుల పేర్లన్నియు విరిగిన కిటికీల వలె తెరనిండ పరచుకొనును. గొలుసుకట్టు వ్రాతకును దీనికిని భేద మేమి? మార్కాపురపు పలకపై వ్రాసినదానిని చదువుటకు కన్నులు చాలును. ఈ పలక విద్యకు అవి చాలలేదు.

ఇట్టి అనాథ కార్డులను నిలుపుకొనుటకు లోకమున మూడు త్రోవలు పుట్టినవి. మొదటిది పాత యంత్రమునే కాపాడుకొనుట. మన పట్టణములలోని డి.టి.పి. దుకాణముల వా రెరిగిన త్రోవ యిదియే. తెలుగు ఫాంట్ల పెట్టెతోపాటు ప్రింటరు సందున తగిలించు చిన్న తాళము, లాక్ అని వారందురు, వచ్చెడిది. అది లేనిదే ఫాంట్లు పలుకవు. క్రొత్త కంప్యూటరులకు ఆ ప్రింటరు సందు లేదు. కావున మూల నొక పాత యంత్రమును దానికొరకే పోషించుచుండిరి. పాత యంత్రమునకు పాత రోగము లుండును. కొన్ని బల్లలపై నికెలు కాడ్మియము బ్యాటరీ కారి రాగితీగలను తినివేయును. కెపాసిటరులు ఉబ్బి పగులును. టంకము పెట్టు నేర్పరి దొరకినచో ఆయువు పెరుగును. కర్మాగారములలో వాడు బల్లలను చేయు కొన్ని సంస్థలు మాత్రము ఐసా సందును చాలకాలము విడువలేదు, వెల యెక్కువ.

రెండవది వంతెన. ఇటీవలి కంప్యూటరులలో గూడ ఎల్.పి.సి. అను సన్నని మార్గ మొకటి కొన్నింటియందు దాగియున్నది. ఇంటెలు సంస్థ 1998 ప్రాంతమున దానిని తెచ్చెను. అది లోపల ఐసా భాషనే మాటాడును, తీగలు మాత్రము తక్కువ. రాస్టెరి యను మారుపేరుగల ఔత్సాహికు డొకడు 2022–23 ప్రాంతమున ఆ మార్గమును పట్టి, ఒక చిప్పు సాయమున నిజమైన ఐసా సందును బయటికి లాగి, పాత శబ్దపు కార్డులను క్రొత్త యంత్రమున పలికించెను. ఇంగ్లీషున నిరాశ యను నర్థముగల మాటలో ఐసా అక్షరములు మూడును ఇమిడియుండుటచే ఆ పరికరమునకు ఆ పేరే పెట్టెను. 

మూడవది అనుకరణ. 2002లో వెలువడిన డాస్‌బాక్సు వంటి ప్రోగ్రాములు క్రొత్త కంప్యూటరు లోపలనే పాత కంప్యూటరును నటింపజేయును. నటునకు పాత్ర తెలియవలెను గదా. ప్రసిద్ధములైన శబ్దపు కార్డుల నడక లోకమునకు తెలిసినది గావున అవి చక్కగా నటింపబడినవి. లోపలి నడక బయటపడని కార్డునకు ఈ త్రోవ కష్టసాధ్యము.

ఇచ్చట ఎఱ్ఱన స్మరణకు వచ్చుచున్నాడు. నన్నయ అరణ్యపర్వమును నడుమ విడిచి పరమపదించెను. తిక్కన విరాటపర్వమునుండి యారంభించెను. నడిమి గండిని పదునాల్గవ శతాబ్దమున అద్దంకి ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవి ఎఱ్ఱన పూరించెను. అడిగి తెలిసికొనుటకు నన్నయ లేడు. ఉన్న పద్యములను పట్టి, వాని నడకను గ్రహించి, కూర్పు తెలియకుండ అతికి, కృతిని తన ప్రభువున కీయక నన్నయ ప్రభువైన రాజరాజనరేంద్రునకే యంకితము చేసెను. కర్త లేని యంత్రమును బాగుచేయువారు చేయుపనియు నట్టిదే. ఎఱ్ఱనకు నన్నయ ప్రతి యెదుట నుండెను. యంత్రము బాగుచేయువారి కట్టి మాతృక దొరకుట అదృష్టము.

జిస్టు ఫైళ్ళ విషయమున ఆ మాతృక దొరికినది. అదియే ఇస్కీ పుస్తకము. 1991లో వెలువడిన యూనికోడు మొదటి కూర్పు మన లిపులకు 1988 నాటి ఇస్కీ వరుసనే తీసికొనెను. తెలుగునకు 3072 మొదలు 128 స్థానము లిచ్చిరి. అందు 'క' 3093. వరుస యొక్కటే గావున ఒకదాని నుండి మరియొకదానికి మార్చుట పట్టిక చూచి చేయు పని. విండోసు లోపలనే 57005 అను సంఖ్యతో తెలుగు ఇస్కీ పట్టిక యున్నది. కార్డు అక్కరలేకయే, కార్డు వ్రాయించినది చదువబడుచున్నది.

అదే కాలమున పుట్టిన అచ్చు ఫాంట్ల సంగతి వేరు. ఒక్కొక్కరు తమ యిచ్చ వచ్చినట్లు తలకట్టున కొక సంఖ్య, ఒత్తున కొక సంఖ్య పెట్టుకొనిరి. పట్టిక బయట పెట్టలేదు. పత్రికల జాలపుటలు గూడ చాలకాలము ఆ చెఱలోనే యుండెను. నాగార్జున వెన్న 'పద్మ' యను పరికరమును రచించి, అట్టి ఫాంట్లలోని వ్రాతను యూనికోడు లోనికి మార్చు మార్గము చూపెను. గుర్తు వెంట గుర్తును పోల్చి చూచుకొని చేయవలసిన పని. గొలుసుకట్టును విడదీయు కరణపు ఓర్పు వంటి ఓర్పు దానికి కావలెను.

ఇక మిగిలినది ఫ్లాపీ. అయిదుంబాతిక అంగుళముల ఆ మెత్తని బిళ్ళపై, 360 కె.బి. రకమైనచో, 3,68,640 సంఖ్యలు పట్టును. క్రొత్త కంప్యూటరునకు దానిని తగిలించు తీగయే లేదు. గ్రీజువీజిలు అను బహిరంగ పరికర మొకటి కలదు. కీర్ ఫ్రేజరు దానిని రూపొందించెను. పాత డ్రైవును అటు, యు.ఎస్.బి. తీగను ఇటు తగిలించినచో, బిళ్ళపైగల అయస్కాంతపు మార్పుల నన్నిటిని ఉన్నవి యున్నట్లు దించును. బిళ్ళకు బూజు పట్టినచో ముందు మెల్లగా కడిగి ఆరనీయవలెను. తొందరపడి త్రిప్పినచో పైపూత గీకికొనిపోవును. ఒకటి రెండు తూర్లు చదువుటకే కొన్ని బిళ్ళలు నిలుచును. దించినదానిని దాచి, ఇస్కీ పట్టికతో పోల్చి చూడవలెను. నిలువుగీత యున్నచోట 179 దొరకును. దానికి బదులు 3093 వ్రాయగనే 'క' కానవచ్చును. తరువాతి సంఖ్యను చూచుకొనవలెను.