ఉప్పెనవార్త ఊరు చేరిన విధము

1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెన కృష్ణాతీరవాసులకు మరపురానిది. ప్రభుత్వపు లెక్కల చొప్పుననే సుమారు 10,000 మంది అసువులు బాసిరి. బంగాళాఖాతమున తుఫాను రేగిన సంగతి వాతావరణ శాఖవారికి తెలియకపోలేదు. తెలిసిన సంగతి సముద్రపుటొడ్డున పూరిగుడిసెలో నున్నవానికి వేళకు అందలేదు. అందినచోటను ఆపద ఎంతటిదో బోధపడలేదు. తరువాతి కాలమున అంతర్జాలము వచ్చినది, సెల్‌ఫోను వచ్చినది. పట్టణమునకును పల్లెకును నడుమ మిగిలిన ఆ కొద్ది దూరమును వార్త ఎట్లు దాటవలెనో తెలిసికొనుటకు పుదుచ్చేరి ప్రాంతమున నల్లవాడు అను మత్స్యకార గ్రామపు కథ చూడదగినది.

1998లో చెన్నైలోని ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ పుదుచ్చేరి పల్లెలలో విజ్ఞాన కేంద్రములను నెలకొల్పుటకు పూనుకొనెను. గదిని గ్రామస్థులే ఉచితముగా ఇయ్యవలెను. కులభేదము లేక ఎల్లరను లోనికి రానియ్యవలెను. కేంద్రమును నడపువారు ఆ యూరివారే. గ్రంథాలయము నడపిన చేతులకు ఈ నిబంధనలు క్రొత్తగా తోచవు. విల్లియనూరులోని ప్రధాన కేంద్రమువారు, అమెరికా నౌకాదళము అంతర్జాలమున ప్రకటించు అలల ఎత్తుల అంచనాలను గ్రహించి తీరగ్రామములకు పంపుచుండిరి. అచ్చట కంప్యూటరు ముట్టనివాడును, అక్షరము రానివాడును వినునట్లు ఆ వార్తను తమిళమున మైకులో చదువుచుండిరి. అది విని జాలరులు పడవ దింపుటయో మానుటయో నిశ్చయించుకొనుచుండిరి. ఇది మహావిపత్తు కొరకు ఏర్పరచిన యంత్రాంగము కాదు, దినదినమును జరుగు పని. ఊరు ఆ మైకు మాట నమ్ముటకు అలవాటుపడినది. అసలు లాభ మదియే.

2004 డిసెంబరు 26వ తేదీ ఉదయము 6 గంటల 29 నిమిషములకు సుమత్రా ద్వీపము చెంత సముద్రగర్భమున భూమి కంపించెను. సునామీ కెరటము మన తూర్పుతీరమును తాకుటకు రెండు గంటలకు పైగా పట్టెను. ఆ వ్యవధిలో హెచ్చరిక ఇయ్యదగిన ఏర్పాటు హిందూమహాసముద్ర దేశములకు నాడు లేదు. అయితే నల్లవాడు యువకు డొకడు సింగపూరులో కొలువు చేయుచుండెను. టెలివిజనులో వార్త చూచి యతడు ఇంటికి ఫోను చేసెను. అప్పటికే నీరు వాకిళ్లలోనికి ప్రాకుచున్నదట. ఇంటివారు పరుగెత్తిరి. విజ్ఞాన కేంద్రమునకు తాళము వేసియుండెను. తలుపు పగులగొట్టి, మైకు చేతబట్టి, ఊరు విడిచి పొండని పదే పదే చాటిరి. ఇండ్లు కూలినవి, పడవలు నుగ్గయినవి. సుమారు 3,600 మంది గ్రామస్థులు మాత్రము ప్రాణములతో మిగిలిరి. ఫోను మ్రోగినది ఒక్క యింట. ఊరంతటికి వినిపించినది మైకు. (తాళపుచెవి ఎవరి యొద్ద నుండవలెనో ముందే నిర్ణయించుకొనుట మంచిదని ఇందువలన తెలియుచున్నది.)

2007లో హైదరాబాదునందలి భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రమున సునామీ హెచ్చరిక విభాగ మేర్పడినది. సముద్రములోని కొలమానముల నుండి వచ్చు సమాచారమును పరిశీలించి, ఆ విభాగము నిమిషములలో హెచ్చరిక పంపును. దేశమున కిది గొప్ప మేలు. అయినను 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమును తాకినపుడు విద్యుత్తు పోయినది, సెల్‌ఫోను టవర్లు మూగవోయినవి. అంతటి నగరమున, ప్రక్క వీధి సంగతి తెలియక జనులు తల్లడిల్లిరి. చేతిలోని యంత్రమునే నమ్ముకొన్న ఏర్పాటు ఎంత బలహీనమో అపుడు తేటపడినది.

2018 ఆగస్టు నాటి కేరళ వరదలలో మరియొక రీతి కనిపించినది. ప్రభుత్వపు ఐటీ మిషనును, యువ ఇంజనీర్లును కలిసి, చిక్కుకొన్నవారి మొరలను అంతర్జాలమున ఒక్కచోట చేర్చిరి. తీరమునుండి మత్స్యకారులు తమ పడవలను లారీల కెక్కించి తెచ్చి, వేలమందిని మేడలపైనుండి దించిరి. చిక్కు మరియొకచోట వచ్చినది. ఒక్క కుటుంబము కొరకు బంధువులు పలుమారులు మొరపెట్టుటచే, రక్షింపబడినవారి పేర్లును జాబితాలో మిగిలియుండెను. పడవలు ఖాళీ యిండ్లకు పోవలసివచ్చెను. అందుచే స్వచ్ఛంద సేవకులు రాత్రింబవళ్లు కూర్చుండి, ఒక్కొక్క నంబరునకు తిరిగి ఫోను చేసి, ఒడ్డు చేరినవారి పేర్లు తీసివేసిరి. కొందరు పలికిరి. పలుకనివారు ఒడ్డు చేరిరో, ఫోనులో చార్జింగు అయిపోయి మేడపైననే యుండిరో తెలియక, అట్టి పేర్లను జాబితాలో నట్లే యుంచిరి.