క్రియకు ముందా, వెనకా?

ఇంగ్లీషులో క్రియావిశేషణాన్ని ఎక్కడ పెట్టాలన్న తగువు ఏకంగా అమెరికా అధ్యక్షుడి ప్రమాణం దాకా పాకింది. 2009 జనవరి 20న ఒబామా చేత ప్రమాణం చేయిస్తూ ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్, రాజ్యాంగంలో ‘ఎగ్జిక్యూట్’కు ముందున్న ‘ఫెయిత్‌ఫుల్లీ’ని వెనక్కి నెట్టేశారు. ఒబామా తటపటాయించారు. మర్నాడు శ్వేతసౌధంలో ఆ తంతు మళ్లీ జరిగింది. ‘విల్’కీ ‘ఎగ్జిక్యూట్’కీ మధ్య మాట దూర్చి క్రియాపదాన్ని చీల్చకూడదన్న పట్టింపే రాబర్ట్స్ నోట అలా పలికించిందని భాషాశాస్త్రవేత్త స్టీవెన్ పింకర్ రాశారు. కాగితం చూడకుండా చెప్పడమే అసలు కారణమని నా అనుమానం.

పట్టింపు మాత్రం నిజమే, కానీ మరీ పాతదేం కాదు. దాని ముఖ్యమైన గురి ‘టు’తో వచ్చే క్రియ. ‘టు’కీ క్రియకీ మధ్య క్రియావిశేషణం దూర్చడం మధ్యయుగపు రాతల్లోనే ఉంది. 1834లో ఓ అమెరికన్ పత్రికలో పేరు చెప్పుకోని రచయిత దాన్ని తప్పుపట్టాడు. 1864లో కాంటర్‌బరీ డీన్ హెన్రీ ఆల్ఫర్డ్, ఇంగ్లీషువాళ్లెవరూ అలా అనరని తేల్చేశాడు. తమాషా ఏమిటంటే, తాను అలాగే అంటానని వాదిస్తూ ఒకాయన రాసిన ఉత్తరానికే ఈ జవాబు! 1926లో ఇంగ్లీషు వాడుకపై నిఘంటువు రాసిన ఫౌలర్ ఈ భయాన్ని ఎగతాళి చేసినా బడిపంతుళ్ల ఎర్రసిరా ఆగలేదు.

ఇంగ్లీషు పాఠాలు చెప్పుకునే నేను ‘టు’ జోలికి పోను, ‘ఓన్లీ’ని పట్టుకుంటాను. మూడు మాటలే మాట్లాడానని చెప్పదలిస్తే ‘ఓన్లీ’ని ‘త్రీ’ పక్కన పెట్టాలని పద్దెనిమిదో శతాబ్దంలోనే రాబర్ట్ లౌత్ తన వ్యాకరణంలో రాశాడు. నా పిల్లలు ఇప్పటికీ దాన్ని క్రియకు ముందే పెడతారు. ఇంగ్లండులోనూ అంతే.