షిఫ్టు మారే వేళ

విమానాల మరమ్మతు నేర్చుకోవడానికి మా దగ్గరికి వచ్చే పిల్లలు కమ్యూనికేషన్ అనగానే ఇంగ్లిషు గురించి బెంగపడతారు. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లయితే మరీను. హ్యాంగర్లలోనే ఉద్యోగమంతా గడిపి, రిటైరయ్యాక వీళ్లకు హ్యూమన్ ఫ్యాక్టర్స్, అంటే పనిలో మనుషులు ఎందుకు పొరపడతారన్న పాఠం చెబుతున్నాను. ఆ బెంగ చూసినప్పుడల్లా అమెరికాలోని హ్యూస్టన్ సంగతి ఎత్తుకుంటాను. అక్కడ ఇంగ్లిషుకు కొదవేమీ లేదు.

1991 సెప్టెంబరు 10 రాత్రి. కాంటినెంటల్ ఎక్స్‌ప్రెస్ వారి ఎంబ్రేయర్ 120 విమానం అక్కడి హ్యాంగర్‌లోకి వచ్చింది. తోక పైభాగాన అడ్డంగా ఉండే రెక్కల ముందంచుకు, మంచు పేరుకోకుండా రబ్బరు తొడుగులుంటాయి. వాటిని మార్చాలి. సాయంత్రం షిఫ్టు ఇన్‌స్పెక్టరు తానూ ఓ చెయ్యి వేద్దామని పైకెక్కి, ఎడమవైపు పైవరసలో ఉన్న 47 స్క్రూలు విప్పేశాడు. ఈలోగా షిఫ్టు మారింది. రాత్రివాళ్లు కుడివైపు పని పూర్తిచేశారు. ఎడమవైపుది ఆ రాత్రి మొదలే పెట్టలేదు. అక్కడ పైవరస ఖాళీగా ఉందని వాళ్లకెవరూ చెప్పలేదు, పని కార్డులోనూ రాసి లేదు. తోక అంత ఎత్తున ఉంటే నేలమీద నిలబడి చూసినవాడికి పైవరస ఎలా కనిపిస్తుంది?

తెల్లారి విమానం లారెడోకు క్షేమంగానే చేరింది. తిరిగి వస్తుండగా ఈగిల్ లేక్ దగ్గర ఆ ముందంచు ఊడిపోయి, విమానం గాలిలోనే ముక్కలైంది. అందులో ఉన్న 14 మందీ చనిపోయారు. స్క్రూలు విప్పినవాడు పని రానివాడు కాడు. మంచి మనసుతో సాయానికి వెళ్లినవాడే. నాకు అదే ఎక్కువ బాధ.

మాట్లాడటం కూడా పనిలో భాగమేనన్న చదువు ముందుగా పైలట్లకు అందింది. 1978 డిసెంబరులో పోర్ట్‌లాండ్ దగ్గర ఒక డీసీ-8 విమానం, చక్రాల ఇబ్బందిని సరిచూసుకుంటూ ఆకాశంలో తిరిగి తిరిగి ఇంధనం అయిపోయి కూలింది. కాక్‌పిట్‌లోని కింది ఉద్యోగులు ఇంధనం మాట ఎత్తారు గానీ, కెప్టెన్ చెవికెక్కేలా గట్టిగా చెప్పలేకపోయారు. పదిమంది పోయారు. మరుసటి ఏడు నాసా ఈ విషయం మీదే ఒక సమావేశం పెట్టింది. 1981లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ తన పైలట్లకు శిక్షణ మొదలుపెట్టింది. పానా పట్టేవాళ్ల వంతు రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

నాసాలో ఈ విషయం మీద పనిచేసినవారిలో ఒకరు జాన్ లాబర్. ఈగిల్ లేక్ విచారణనాటికి ఆయన అమెరికా రవాణా భద్రతా బోర్డు సభ్యుడు. తప్పు మెకానిక్కులది, ఇన్‌స్పెక్టర్లది అని తేల్చి ఊరుకోవడానికి ఆయన ఒప్పుకోలేదు. భద్రతను పట్టించుకునే వాతావరణం ఏర్పరచని యాజమాన్యానిదీ తప్పేనని విడిగా రాశారు. ఆ మాట రాసినందుకు ఆయనంటే నాకు ఎంతో గౌరవం. 1993లో కెనడాలో గోర్డన్ డుపాంట్ మరమ్మతు పనిలో మనుషులు పొరపడే పన్నెండు కారణాలను పోస్టర్లుగా వేయించారు. సరిగా చెప్పుకోకపోవడం వాటిలో ఒకటి. ఇప్పుడు మన దేశంలోనూ లైసెన్సు పరీక్షల్లో ఈ పాఠానికి తొమ్మిదో మాడ్యూల్ ఉంది.

నా క్లాసులో పిల్లల్ని ఇద్దరిద్దరిగా నిలబెడతాను. ఒకడు దిగిపోయే షిఫ్టు, ఇంకొకడు ఎక్కే షిఫ్టు. ఎంత విప్పావు, ఎంత బిగించావు, ఏది సగంలో వదిలావు అన్నది తెలుగులోనే చెప్పమంటాను. విన్నవాడు తిరిగి అప్పజెప్పాలి, అనుమానం ఉంటే అడగాలి. అదంతా అయ్యాకే ఇద్దరూ కార్డు రాయాలి. కార్డు ఇంగ్లిషులోనే ఉండాలి, దానికి పదిపన్నెండు మాటలు వస్తే చాలు.