లండన్‌లో మన జిల్లా కచేరీ

ప్రత్యేక సంచికకు ఒక వ్యాసం కావాలని మన సంఘం కార్యదర్శిగారు కబురు పెడుతూ, "పెన్షన్ బకాయిల సంగతి మిగతావాళ్ళు వ్రాస్తారు, మీరు ఇంకేదైనా వ్రాయండి" అన్నారు. అందుచేత మా లండన్ ప్రయాణం గురించి వ్రాస్తున్నాను. అందులోనూ ఒక వీధి గురించి, ఆ వీధిలో ఒకప్పుడు ఉండి ఇప్పుడు లేని ఒక కచేరీ గురించి. మిత్రులు ఓపికగా చదవగోరుతాను.

2019 జూన్‌లో నేనూ, మా ఇంటావిడా అక్కడ ఉంటున్న మా అమ్మాయి దగ్గరకు వెళ్ళాము. వాళ్ళిద్దరికీ ఉద్యోగాలు. మమ్మల్ని తిప్పి చూపించడానికి తీరిక లేక, అల్లుడుగారు ఒక రోజు బస్సు టూరుకు టిక్కెట్లు తీశారు. నలభై మంది యాత్రికులు, చేతిలో గొడుగు, నోటి దగ్గర మైకు పెట్టుకున్న ఒక గైడు. గుంపుగా తీసుకువెళ్ళి చూపించే ఈ పద్ధతికి ఆద్యుడు థామస్ కుక్ అనే ఇంగ్లీషాయన. 1841 జులై 5న తలకు ఒక షిల్లింగు చొప్పున వసూలు చేసి, సుమారు 500 మందిని లెస్టర్ నుంచి లఫ్‌బరోకు రైల్లో తీసుకువెళ్ళాడు. మనవాళ్ళు అంతకంటె ముందే గుంపుగా బయలుదేరారు. మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రిటరుగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో సుమారు వంద మంది పరివారంతో కాశీకి వెళ్ళి, మరుసటి ఏడు తిరిగివచ్చారు. ఆయన వ్రాసిన "కాశీయాత్ర చరిత్ర" 1838లో అచ్చయింది. అనగా తెలుగులో తొలి యాత్రా చరిత్ర వ్రాసినవారు మన బోటి కచేరీ ఉద్యోగే. ఈ మాట మనకు కొంచెం గర్వకారణం.

ఇక మా టూరు. బిగ్‌బెన్ గడియారానికి అప్పుడు మరమ్మతులు జరుగుతున్నాయి. గోపురం చుట్టూ పరంజా కట్టి ఉంది. "ఇంత దూరం వస్తే ఇదేంటండీ, మన గుడికి రంగులేస్తున్నట్టుంది" అంది మా ఇంటావిడ. వెస్ట్‌మినిస్టర్ ఆబీ, రాణిగారి కోట ముందు కావలివాళ్ళు మారడం, అన్నీ వరసగా చూపించారు. వైట్‌హాల్ దగ్గర విదేశాంగ కార్యాలయం పక్కనే ఒక విగ్రహం ఉంది. గైడు "క్లైవ్ ఆఫ్ ఇండియా" అని ఒక్క ముక్క చెప్పి ముందుకు నడిచింది.

నేను మాత్రం అక్కడ రెండు నిమిషాలు ఆగాను. ఈ రాబర్ట్ క్లైవ్ 1744లో మద్రాసులో దిగినప్పుడు అతని ఉద్యోగం "రైటరు", అంటే గుమాస్తా. అతనే 1758లో బెంగాలు నుంచి కర్నల్ ఫోర్డును సైన్యంతో మన ప్రాంతానికి పంపాడు. విజయనగరం ఆనంద గజపతిరాజుగారు ఆ సైన్యంతో కలిశారు. ఆ ఏడు డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివారు ఓడిపోయారు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట కూడా ఇంగ్లీషువారి వశమయింది. ఉత్తర సర్కారులు ఎవరివో తేలిపోయింది అప్పుడే. ఇంగ్లీషు పుస్తకాల్లో "కాండోర్ యుద్ధం" అని వ్రాసేది ఈ చందుర్తి యుద్ధాన్నే. పెద్దాపురం నుంచి చందుర్తి ఎంతో దూరం కాదు. డెబ్బై ఏళ్ళు దాని పక్కనే బ్రతికి, ఒక్కసారి కూడా ఆ ఊరి పొలిమేర తొక్కని నేను, లండన్‌లో ఆ విగ్రహం ముందు నిలబడి సిగ్గుపడ్డాను.

మధ్యాహ్నం సెయింట్ పాల్స్ గుడి చూసుకుని లండన్ టవరుకు వెళ్తుంటే బస్సు ఒక ఇరుకు వీధిలో ఆగిపోయింది. ట్రాఫిక్. కిటికీలోంచి చూస్తే ఎదురుగా ఒక వింత భవనం. గొట్టాలు, లిఫ్టులు, మెట్లు అన్నీ బయటికే ఉన్నాయి. "ఇది ఆఫీసా? మన సామర్లకోట పంచదార ఫ్యాక్టరీలా ఉందేంటండీ!" అంది మా ఇంటావిడ. ఇది లాయిడ్స్ బీమా వ్యాపారుల భవనం, 1986లో ప్రారంభమయింది, లోపల స్థలం కలిసివస్తుందని గొట్టాలు బయట పెట్టారు అని గైడు చెప్పింది. అందరూ ఫోటోలు తీసుకున్నారు.

గోడ మీద వీధి పేరు చదివాను. లెడెన్‌హాల్ స్ట్రీట్.

ఆ పేరు నాకు పి.యు.సి. నాటి నుంచి తెలుసు. మా ఇంగ్లీషు పాఠాల్లో చార్లెస్ లాంబ్ వ్యాసం ఒకటి ఉండేది. ఆయన లెడెన్‌హాల్ వీధిలో ఈస్టిండియా కంపెనీ ఆఫీసులో గుమాస్తాగా 33 సంవత్సరాలు చేశాడని మా మాస్టారు చెప్పారు. తరవాత నేనూ గుమాస్తానై 36 సంవత్సరాలు చేశాను కాబట్టి ఆ మాట మరచిపోలేదు. లాంబ్ 17వ ఏట 1792లో అకౌంట్ల విభాగంలో చేరి, 1825లో 50వ ఏట రిటైరయ్యాడు. పెన్షన్ ఎంతనుకున్నారు? జీతంలో సుమారు మూడింట రెండు వంతులు! ఆఖరి జీతంలో సగంతో సరిపెట్టుకున్న మనం అసూయపడవలసిందే. రిటైరైన మనిషికి మొదటి రోజుల్లో కాలూచేయీ ఆడకపోవడం గురించి ఆయన అదే ఏడు ఒక వ్యాసం కూడా వ్రాశాడు.

ఆ ఆఫీసు పేరు ఈస్టిండియా హౌస్. ఆ గొట్టాల భవనం ఉన్న స్థలంలోనే ఉండేది. పదిహేడవ శతాబ్దం మధ్య నుంచి కంపెనీ అక్కడే నడిచింది. మన ఇంజరం, మాదాపాలెం ఫ్యాక్టరీల్లో కొన్న గుడ్డ ఓడలెక్కి వెళ్ళి అమ్ముడుపోయింది ఆ లండన్ వేలాల్లోనే. "మడపొల్లం" అనే గుడ్డ పేరు ఇంగ్లీషు నిఘంటువుల్లో నేటికీ ఉంది. అది నరసాపురం దగ్గరి మన మాదాపాలెమే.

గుడ్డ తరవాత శిస్తు వచ్చింది. మద్రాసులో రెవెన్యూ బోర్డు ఏ ఉత్తర్వు ఇచ్చినా, ఏ కలెక్టరు ఏ రిపోర్టు వ్రాసినా, నకళ్ళు తీయించి లండన్‌కు పంపాలి. తెరచాప ఓడల రోజుల్లో ఒక కవరు చేరడానికి అయిదారు నెలలు పట్టేది. అక్కడ గుమాస్తాలు దాన్ని పేరా పేరాగా విడదీసి, పక్క మార్జిన్‌లో సారాంశం వ్రాసి, జవాబు చిత్తు తయారుచేసి పైకి పంపేవారు. మన నోట్ ఫైలు, కరెంట్ ఫైలు వంటి వ్యవహారమే. ఆ చిత్తులు తయారుచేసిన పెద్ద ఉద్యోగుల్లో జేమ్స్ మిల్, ఆయన కొడుకు జాన్ స్టువర్ట్ మిల్ కూడా ఉన్నారు. తండ్రి భారతదేశ చరిత్ర వ్రాశాడు. కొడుకు 1823 నుంచి 1858 దాకా అక్కడే పనిచేశాడు. ఇద్దరూ మన దేశాన్ని ఒక్కసారైనా కంటితో చూడలేదు. చూసిందల్లా కాగితమే.

ఆ కాగితం ఎంత పని చేసిందో గోదావరి వాళ్ళం మనకు తెలియాలి. 1833 నాటి కరవు, 1839 నాటి ఉప్పెన, ఇంకా ఎన్నో కష్టాలు కలిసి, 1821లో 7,38,308 ఉన్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి 5,61,041కి పడిపోయింది. కాటన్ దొరగారు ఆనకట్ట కట్టాలని రిపోర్టు వ్రాస్తే అది మద్రాసు మీదుగా ఈ వీధికే వచ్చింది. 1846లో డైరెక్టర్ల మంజూరు దొరికింది. 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలయి 1852కి పూర్తయింది. మాది మెట్ట ఊరు. అయినా పక్కనున్న సామర్లకోట దాకా కాలువ వచ్చింది. మంజూరు ఇంకో పదేళ్ళు బీరువాలో పడి ఉంటే ఏమయ్యేదో చెప్పనక్కరలేదు. మన చేతిలో ఆగిన ఫైలు వెనక ఎంత మంది ఉంటారో అప్పుడు మనమైనా ఆలోచించామా?

ఇదంతా గైడు చెప్పలేదు. బస్సు కదిలింది. టవరులో కోహినూరు దగ్గర మనవాళ్ళందరూ ఒకరినొకరు తోసుకున్నారు. అది మన కొల్లూరు గనిలో దొరికిందంటారు. కదిలే పట్టీ మీద నిలబెట్టి కిరీటాల ముందు నుంచి అరనిమిషంలో దాటించేశారు. నా మనసు మాత్రం ఆ వీధిలోనే ఉండిపోయింది. 1858లో కంపెనీ పాలన రద్దయింది. 1861 ప్రాంతంలో ఆ భవనాన్ని పడగొట్టారు. మరి ఆ ఫైళ్ళన్నీ ఏమయ్యాయి?

రాత్రి అల్లుడుగారిని అడిగాను. అవి బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయని, ఎవరైనా చూడవచ్చునని తెలుసుకుని, మర్నాడు ఆయన సెలవు పెట్టి తీసుకువెళ్ళారు. దారిలో "టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్" అన్న బోర్డు చూసి నవ్వు వచ్చింది. మన జిల్లా ఆఫీసుల్లో టాటెన్‌హామ్ విధానం నేర్చుకుని తల నెరిసినవాళ్ళం కదా! రెంటికీ సంబంధం లేదులెండి. పేరే కలిసింది.

ఆ లైబ్రరీలో ఇండియా ఆఫీసు రికార్డులు పక్కపక్కన పేరిస్తే 14 కిలోమీటర్లట. పెద్దాపురం నుంచి సామర్లకోట వెళ్ళి తిరిగి వచ్చినా ఇంకా మిగులుతాయి. అలాగని వాళ్ళు అన్నీ దాచలేదు. కంపెనీ పోయాక వందల టన్నుల కాగితాలను చిత్తుకాగితాల కింద వదిలించుకున్నారు. మిగిలినవాటిలో నుంచి మద్రాసు రెవెన్యూ సంపుటం ఒకటి తెప్పించుకున్నాను. దళసరి కాగితం, చక్కటి చేతివ్రాత, వెనక అకారాది సూచిక. "పెద్దాపోర్" అని కనిపించింది. శిస్తు బకాయి గురించి నాలుగు పేరాలు. ఎవడో పేరులేని గుమాస్తా ఒక్క కొట్టివేత లేకుండా నకలు తీశాడు.

అక్కడ కూర్చుని ఉండగా నాకు వేరే సంగతి గుర్తుకువచ్చింది. ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు.

1980ల్లో నేను ఒక ఆఫీసులో రికార్డు సెక్షను చూస్తుండేవాణ్ణి. గది కారిపోతోంది, చెదలు పట్టింది. పనికిరాని రికార్డు తీసేయమని పైనుంచి ఒత్తిడి. ఎల్.డిస్. ఒక ఏడు, కె.డిస్. మూడేళ్ళు, డి.డిస్. పదేళ్ళు, ఆర్.డిస్. శాశ్వతం అని మనకు కంఠతా వచ్చు. ఆ ప్రకారం జాబితా తయారుచేశాను. వాటి అడుగున ఏ నంబరూ లేని కొన్ని దస్త్రాలు, ఎర్రగుడ్డలో కట్టినవి ఉన్నాయి. కరణాల నాటి గొలుసుకట్టు వ్రాత. నాకు చదవడం రాలేదు. ఆఫీసులో ఎవరికీ రాలేదు. చదవడం రాలేదని వ్రాస్తే అదొక తలనొప్పి. "పనికిరానివి" అని వ్రాసి సంతకం పెట్టాను. పెరట్లో తగలబెట్టారు.

ఏడాది తిరక్కుండా ఒక ముసలి రైతు వచ్చాడు. వాళ్ళ ఊరి చెరువు గట్టు కింద తాతల నాటి ఇనాం తాలూకు పాత లెక్క నకలు కావాలన్నాడు. వెతికినట్టు వెతికి "రికార్డు అందుబాటులో లేదు" అని ఎండార్సుమెంటు వ్రాసి ఇచ్చాను. అది చదివించుకుని, "మీ కాడే లేకపోతే ఇంకెక్కడుంటదండీ బాబూ?" అని అడిగాడు. నేను ఫైలులో తల పెట్టుకుని కూర్చున్నాను. కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. అతనికి కావలసిన కాగితం నేను తగలబెట్టినవాటిలో ఉందో లేదో నాకు తెలియదు. తెలియకుండా చేసింది నేనే.

లండన్‌లో 14 కిలోమీటర్లు వెతికినా అతని కాగితం దొరకదు. గ్రామ లెక్కలు సముద్రం దాటలేదు. అక్కడున్నది దొరలు మన గురించి వ్రాసుకున్నది. చెరువు ఎవరిది, గట్టు ఎవరు వేశారు, ఏ చేను ఎవరు దున్నారు అన్న మన లెక్క మన కరణాలు మన అక్షరాల్లో వ్రాశారు. అది మన దగ్గరే ఉంది, మన చేతుల మీదుగానే పోయింది. దొరలు దోచుకుపోయారని కోహినూరు దగ్గర మనం నిట్టూరుస్తాం. న్యాయమే. కాని ఎర్రగుడ్డ దస్త్రాన్ని ఏ దొరా ఎత్తుకుపోలేదు.

తిరిగివచ్చాక రెండు పనులు చేశాను. చందుర్తి వెళ్ళి వచ్చాను. అక్కడి పొలాల గట్టు మీద ఒక గంట కూర్చున్నాను. రెండవది, 1984లో కరణీకాలు రద్దయినప్పుడు ఉద్యోగం పోయిన ఒక పెద్దాయన దగ్గర వారానికి రెండు రోజులు కూర్చుని గొలుసుకట్టు వ్రాత నేర్చుకున్నాను. ఆయన 2021లో పోయారు. నాకు పూర్తిగా రాలేదు కాని అంకెలు, పేర్లు, ఊళ్ళు పట్టుకోగలను.

మిత్రులకు, వారి పిల్లలకు నా మనవి ఒకటే. మీ అటక మీద తాతగారి నాటి దస్త్రమో, తాళపత్రాల కట్టో ఉంటే చిత్తుకాగితాలవాడికి తూకానికి ఇవ్వకండి. భోగి మంటలో అసలే వేయకండి. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం వంటి చోట్ల అటువంటివి దాచిన సంప్రదాయం మనకు ఉంది. అంతకంటె ముందు నాకు ఒక కబురు చేయండి. కళ్ళజోడు తెచ్చుకుని మీ ఇంటికే వస్తాను. కాఫీ ఇస్తే చాలు.