ఒకే రక్తం, వేర్వేరు లెక్కలు

సింగపూర్ దక్షిణ తీరంలోని తంజోంగ్ పగార్‌లో 1864లో రేవు కంపెనీ ఏర్పడింది. ఆగ్నేయాసియాలో తొలి కంటెయినర్ రేవు 1972లో అక్కడే మొదలయింది. దాని పొరుగున, ఒకప్పటి భారతీయ సిపాయిల శిబిరమైన సిపాయ్ లైన్స్‌లో, 1882 నుండి సింగపూర్ జనరల్ హాస్పిటల్ ఉంది. నానాదేశాల జనం కలిసే ఇటువంటి రేవుపట్టణంలో హెచ్‌ఐవీ కూడా ఒకే రూపంలో కనిపించలేదు. 1985లో తొలి కేసులు బయటపడిన సింగపూర్‌లో, పాశ్చాత్య దేశాల్లో ప్రబలిన ‘బి’ ఉపరకంతో పాటు, థాయ్‌లాండ్‌లో వ్యాపించి తొలుత ‘ఇ’గా పేరుపడిన రకాన్నీ పరిశోధకులు గుర్తించారు. రక్తంలో వైరస్‌ను లెక్కించే పరీక్షలకు ఈ వైవిధ్యమే చిక్కు తెచ్చింది.

రక్తంలోని వైరస్ పరిమాణాన్ని బట్టి వ్యాధి ఎంత వేగంగా ముదురుతుందో అంచనా వేయవచ్చునని 1996లో మెల్లర్స్ బృందం నిరూపించింది. అప్పటికి ప్రధానంగా మూడు పద్ధతులుండేవి. రోష్ సంస్థ ‘యాంప్లికార్’ వైరస్ ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చి, పీసీఆర్ ద్వారా లక్షల రెట్లు పెంచి లెక్కిస్తుంది. ఆర్గనాన్ టెక్నికా వారి ‘నాస్బా’ ఒకే ఉష్ణోగ్రత వద్ద ఆర్‌ఎన్‌ఏనే పెంచుతుంది. కైరాన్ సంస్థ ‘బ్రాంచ్డ్ డీఎన్‌ఏ’ వైరస్‌ను పెంచదు. దానికి అతుక్కున్న శోధకాలు ఇచ్చే సంకేతాన్ని పెంచుతుంది.

పీసీఆర్ మొదలు కావాలంటే ప్రైమర్లనే చిన్న డీఎన్‌ఏ ముక్కలు వైరస్ జన్యువుకు సరిగ్గా అతుక్కోవాలి. యాంప్లికార్ తొలి రూపంలోని ప్రైమర్లు ‘బి’ ఉపరకానికి చక్కగా సరిపోయేవి. ‘ఎ’, ‘ఇ’ రకాలకు అంతగా అతుక్కోక, లెక్క వాస్తవం కన్నా తక్కువ వచ్చేది. వైరస్ ఎక్కువగా ఉన్న రోగికి మందులు బాగా పనిచేస్తున్నట్టు భ్రమ కలిగే ప్రమాదం అందులో ఉంది. 1.5 రూపంలో ప్రైమర్లను మార్చి ఈ లోపాన్ని చాలావరకు సరిదిద్దారు. బ్రాంచ్డ్ డీఎన్‌ఏలో శోధకాలు అనేకం కనుక ఒకటి రెండు తప్పినా లెక్క పెద్దగా చెడదు. అయితే దాని తొలి రూపం మిల్లీలీటరుకు 10,000 ప్రతులకు లోపు వైరస్‌ను పట్టలేకపోయింది. ఆ హద్దు తరువాత 500కు, ఆపైన 50కి దిగింది.

రెండు పరీక్షలూ సరిగ్గా పనిచేసినా అంకెలు ఒకటిగా ఉండవు. బ్రాంచ్డ్ డీఎన్‌ఏ రెండవ రూపం చూపిన విలువలు యాంప్లికార్ విలువల్లో సుమారు సగమే ఉండేవి. సుమారు మూడు రెట్ల తేడా ఉంటేనే నిజమైన మార్పుగా వైద్యులు పరిగణిస్తారు. అందుచేత ఒక రోగిని ఎప్పుడూ ఒకే పరీక్షతో గమనించాలనీ, పరీక్ష మార్చక తప్పకపోతే ఒకే నమూనాను రెండింటితోనూ కొలిచి కొత్త ఆధారరేఖ ఏర్పరచుకోవాలనీ నియమం వచ్చింది.

తెలుగునాటితో సహా భారతదేశంలో ‘సి’ ఉపరకమే అధికం. అక్కడినుండి వచ్చినవారి నమూనాలూ, ‘బి’, ‘ఇ’ నమూనాలూ ఒకే ప్రయోగశాలకు చేరే నగరంలో, పరీక్ష పేరు లేని అంకె అసంపూర్ణం. రోష్ తరువాతి ‘టాక్‌మన్’ రెండవ రూపం వైరస్ జన్యువులో ఒక చోటికి బదులు రెండు చోట్ల గురిపెట్టడానికి కారణం కూడా ఈ అనుభవమే: ఒక చోట పోలిక తప్పినా రెండవది లెక్కను నిలబెడుతుంది.