రైతు చదువలేని సేత్వారు

నిజాము రాజ్యమున నల్లగొండ జిల్లాకు చెందిన సూర్యాపేట, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ తాలూకాలలో దున్నువాని భాష తెలుగు. కచేరీ భాష మొదట పారసీకము, 1884 ప్రాంతమునుండి ఉర్దూ. నేటి కోదాడ సీమయు ఆనాడు హుజూర్‌నగర్ తాలూకాలోనిదే. శిస్తు కట్టువాడొక భాషలో బ్రతుకుచుండగా శిస్తు నిర్ణయించువాడు వేరొక భాషలో వ్రాసికొనుచుండెను. ఈ ఎడబాటును భాషాభిమానుల ఫిర్యాదుగా మాత్రమే ఎంచరాదు. ఆ సీమలోని భూముల కథ యంతయు దానితో పెనవేసికొనియున్నది.

సర్వే సెటిల్మెంటు జరిగినపుడు ఊరూరికిని తయారైన మూల దస్తరము సేత్వారు. సర్వే నంబరు, ఎకరాలు గుంటలలో విస్తీర్ణము, నేల ఖుష్కియో (మెట్టయో) తరియో (మాగాణియో), దానికి పడిన శిస్తెంత, పట్టాదారు ఎవరు, ఇవన్నియు అందు ఉర్దూ లిపిలో వరుసగా నెక్కెను. తాతలనాటినుండి సేద్యము చేయుచున్న రైతు ఆ కాగితమును చేతబట్టినను అందు తన పేరున్నదో లేదో తెలిసికొనజాలడు. ఈనాటికిని పాత సేత్వారు నకలు తీయించినవాడు దానిని చదివించుకొనుటకు ఉర్దూ వచ్చినవానిని వెదకికొనుచునే యున్నాడు.

పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణా సాయుధ పోరాటముపై వ్రాసిన గ్రంథములో దీని ఫలితమును స్పష్టముగా చెప్పెను: తొలి సెటిల్మెంటునాడు శిస్తు వసూలుదారులైన దేశ్‌ముఖులు సాగులోనున్న సారవంతమైన భూములను తమ పేర పట్టా చేయించుకొనగా, ఆక్షేపణ తెలుపుకొను గడువు దాటిన పిమ్మటగాని ఆ సంగతి రైతులకు తెలియలేదు. సూర్యాపేట ప్రాంతపు జన్నారెడ్డి ప్రతాపరెడ్డికి లక్షన్నర ఎకరములున్నట్లు సుందరయ్య లెక్క. ఇంతటి భూమి చేతులు మారుటకు దౌర్జన్య మెంత తోడ్పడెనో, రైతుకు అర్థముకాని ఆ వ్రాతయు నంతే తోడ్పడెనని నా నిశ్చితాభిప్రాయము.

కచేరీలో చోటులేని తెలుగుకు సభలలోను మన్నన లేకుండెను. 1921 నవంబరులో హైదరాబాదున, కార్వే పండితుని అధ్యక్షతన జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావు తెలుగున మాటలాడగా సభికులు గేలిచేసిరి. ఆ పరాభవమునుండియే ఆంధ్ర జనసంఘము పుట్టెను. మరుసటి యేడు నల్లగొండనుండి షబ్నవీసు వేంకటరామనరసింహారావు 'నీలగిరి' పత్రికను వెలువరించెను; 1928లో ఆంధ్ర జనకేంద్ర సంఘ సభ సూర్యాపేటలోనే జరిగెను.

అయినను దోషమును పరభాషాపదములకే అంటగట్టుట అన్యాయము. పట్టా, కబ్జా, పహాణీ, తరి, ఖుష్కి యను మాటలు నేడు మిర్యాలగూడ రైతు నోట అచ్చ తెలుగు మాటలవలెనే పలుకుచున్నవి. 1967లో నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీరు వదలినపిమ్మట మేజరు, మైనరు, టెయిలెండు అను ఇంగ్లీషు మాటలను గూడ ఆ రైతులు జంకులేక తమవిగా చేసికొనిరి. తూములో నీరు పారినదో లేదో కంటికి కనబడును గనుక, ఆ మాటలచాటున ఎవరును దేనిని దాచజాలకపోయిరి. సేత్వారునందలి మాట అట్లు కాదు. అది వ్రాసినవానికిని వ్రాయించినవానికిని మాత్రమే తెలిసినది.

నేడు ఈ సీమ యువకులు హైదరాబాదు కంపెనీలలో కొలువులు చేయుచున్నారు. అక్కడ మేనేజర్లు 'రీస్ట్రక్చరింగ్' అనియు, 'రైట్‌సైజింగ్' అనియు గంటలకొలది ప్రసంగింతురు. ఎవరి ఉద్యోగము పోవునో, ఏ పని ఎవరిపై పడునో ఆ ప్రసంగమునుండి తేల్చుకొనుట ఇంగ్లీషు బాగుగా వచ్చినవానికిని దుస్సాధ్యము. పై అంతస్తులో కూర్చుండి, కింద పని ఎట్లు జరుగుచున్నదో చూడక మాటలాడువారి పలుకు ఆనాటి కచేరీ వ్రాతకు వారసే.

ఈ సీమలో పుట్టి అట్టి పదవులకెక్కినవారు నేడు అనేకులు. వారితో నా మనవి యిది: మీ తాతలకు సెటిల్మెంటు సంగతి గడువు దాటిన తరువాత తెలిసినది. మీ క్రింది ఉద్యోగులకు చెప్పవలసినదానిని గడువులోపలనే, వారికి తెలియు మాటలలో చెప్పుడు.