స్వీయ కరుణ

తప్పు జరిగినప్పుడు ఆత్మీయుణ్ని ఓదార్చినట్టే తనను తాను ఓదార్చుకోవడం. అమెరికా మనస్తత్వవేత్త క్రిస్టిన్ నెఫ్ 2003లో దీనికి మూడు అంశాలు చెప్పారు: తన పట్ల దయ, కష్టాలు అందరికీ ఉన్నవేనన్న ఎరుక, బాధను పెంచుకోకుండా, దాచుకోకుండా గమనించడం.

హైదరాబాద్ శివార్లనే చూడండి: శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, బిట్స్ పిలానీ హైదరాబాద్ ప్రాంగణం, మేడ్చల్ చుట్టూ ఇంజినీరింగ్ కళాశాలలు ఉన్నాయి. అలాంటి చోట చదివే, ర్యాంకులే లోకంగా పెరిగిన విద్యార్థికి ఒక్క సబ్జెక్టు తప్పి బ్యాక్‌లాగ్ పడినా "నా బతుకింతే" అనిపించవచ్చు. అదే మాట స్నేహితుడితో అనగలడా? ఆ స్నేహితుడికి రాసే ధైర్యపు ఉత్తరాన్ని తన పేరునే రాసుకోవడం ఒక సాధన.

స్వీయ కరుణవల్ల బద్ధకం పెరుగుతుందన్న భయం సహజమే. కానీ పరిశోధకులు జూలియానా బ్రైన్స్, సెరీనా చెన్ 2012లో ప్రచురించిన ప్రయోగంలో, పరీక్షలో తడబడ్డాక ఇలాంటి ఓదార్పు పొందిన విద్యార్థులు తర్వాతి పరీక్షకు మిగతావారికంటే ఎక్కువసేపు చదివారు.

బాధ మోయలేనంతైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.